స్టాఫ్‌కి మాస్క్ సర్క్యులర్ రాసేముందు స్టోర్స్ తాళం ఎవరి దగ్గరుందో చూడండి

మీరు అడిగింది ఇదీ కదండి: యూనివర్సిటీ స్టాఫ్ కోసం మాస్క్ గైడ్‌లైన్స్ తయారుచేసే పని మీ మీద పడింది, సర్జికల్ సరిపోతుందా ఎన్95 కావాలా, ఎవరికి ఎన్ని ఇవ్వాలి, ఎక్కడ పెట్టాలి, కంపల్సరీ చెయ్యాలా వద్దా. నేను చాలా ఏళ్ళు ఒక క్యాంపస్‌లో సేఫ్టీ పని చూశాను, మాస్కుల ఇండెంట్లు, ఫిట్ టెస్టులు (మాస్క్ ముఖానికి సందు లేకుండా అతుక్కుందో లేదో చూసే పరీక్షలు), స్టాక్ రిజిస్టర్లు అన్నీ నా చేతుల మీదుగానే నడిచాయి, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. కోవిడ్ టైమ్‌లో మేం ఒక సర్క్యులర్ పంపాం, రెండు పేజీలు, చాలా శ్రద్ధగా రాసిందే, స్టాఫ్ అందరూ మాస్క్ వేసుకోవాలి, మాస్కులు సెంట్రల్ స్టోర్స్‌లో ఫ్రీగా ఇస్తారు అని. ఓ వారం తర్వాత పొద్దున్నే ఆరున్నరకి వేరే పని మీద వెళ్తే క్లాస్‌రూమ్ ఊడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆవిడ ముక్కుకి పాత గుడ్డ కట్టుకుని కనిపించింది. మాస్క్ తీసుకోలేదా అమ్మా అని అడిగితే "స్టోర్స్ పదింటికి తెరుస్తారు సార్, నా డ్యూటీ తొమ్మిదిన్నరకే అయిపోద్ది" అంది. ఆవిడ కాంట్రాక్ట్ మనిషి, ఆవిడకి యూనివర్సిటీ మెయిల్ ఐడీ కూడా లేదు, అంటే మేం అంత శ్రద్ధగా రాసిన కాగితం ఆవిడ దాకా వెళ్ళలేదు, మాస్కూ వెళ్ళలేదు. దుమ్ములో పొద్దున మూడు గంటలు పనిచేసే మనిషికి అందకుండా, ఏసీ గదిలో ఒక్కరే కూర్చునే మా లాంటోళ్ళ టేబుల్ మీద మాత్రం బాక్సులు బాక్సులు ఉన్నాయి. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. అప్పట్నుంచి గైడ్‌లైన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది పేపర్ కాదు, డ్యూటీ ఎక్కే టైమ్‌కి మనిషి చేతికి మాస్క్ అందుతుందా లేదా అన్నదే.

ఇది నా ఒక్కడి అనుభవం కూడా కాదండి. 2020 చివరి నుంచి 2021 మొదటి నెలల దాకా బంగ్లాదేశ్‌లో 600 ఊళ్ళలో, దాదాపు 3 లక్షల 40 వేల మంది పెద్దవాళ్ళతో ఒక పెద్ద ట్రయల్ చేశారు. మాస్కులు ఫ్రీగా చేతికి ఇచ్చి, ఊళ్ళో పెద్దలు ముందు తామే వేసుకుని, వేసుకోని వాళ్ళకి ఎదురుగా వెళ్ళి మర్యాదగా గుర్తుచేస్తే, సరిగ్గా మాస్క్ వేసుకునేవాళ్ళు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. వీటికి తోడు ఎస్ఎంఎస్ రిమైండర్లు, ప్రోత్సాహక బహుమతులు కూడా పెట్టి చూశారు, వాటి వల్ల అదనంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్ళలో, లక్షణాలతో వచ్చి రక్తపరీక్షలో తేలిన కోవిడ్ 11 శాతం దాకా తగ్గింది. ఈ ట్రయల్ నుంచి నేను తీసుకున్నది ఒకటే, మనం మెయిల్ మీద మెయిల్ పంపడం కంటే హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంట్ మాస్క్ వేసుకుని కారిడార్‌లో కనిపించడం, గేటు దగ్గర బాక్స్ తెరిచి ఉండటం ఎక్కువ పనిచేస్తాయి.

ఇక ఏ మాస్క్ అన్నదానికి వద్దాం. చాలామంది సర్జికల్ కంటే ఎన్95 ఒక మెట్టు పైన ఉన్న అదే వస్తువు అనుకుంటారు, కాదు, రెండూ వేర్వేరు పనులకి పుట్టినవి. సర్జికల్ మాస్క్ ముఖ్యంగా వేసుకున్నవాడి నోట్లోంచి తుంపర్లు ఎదుటివాళ్ళ మీద పడకుండా ఆపడానికి. యూరప్ ప్రమాణం ఇఎన్ 14683 ప్రకారం టైప్ 2 మాస్క్ బ్యాక్టీరియా పరీక్షలో 98 శాతం ఆపాలి, టైప్ 2ఆర్ అంటే దానికి తోడు రక్తం లాంటి ద్రవం ఎగిరి పడినా లోపలికి దిగకూడదు. నంబర్ చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అది గుడ్డకి పెట్టిన పరీక్ష, మీ ముఖానికి కాదు. చెంపల పక్క సందుల్లోంచి గాలి హాయిగా వచ్చిపోతుంటుంది. ఎన్95 (అమెరికా రకం), ఎఫ్‌ఎఫ్‌పి2 (యూరప్‌ది), కెఎన్95 (చైనాది), కెఎఫ్94 (కొరియాది) ఇవన్నీ ముఖానికి అతుక్కుని, లోపలికి పీల్చే గాలి మొత్తం ఫిల్టర్ లోంచే రావాలి అన్న ఉద్దేశంతో చేసినవి, ఇవి వేసుకున్నవాడిని కాపాడతాయి. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల సైజు రేణువుల్లో కనీసం 95 శాతం ఆపాలి, ఎఫ్‌ఎఫ్‌పి2 అయితే 94 శాతం, ఎఫ్‌ఎఫ్‌పి3 అయితే 99.

ఈ 0.3 మైక్రాన్ దగ్గర స్టాఫ్ మీటింగ్‌లో ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది, వైరస్ అంతకంటే చిన్నది కదా మరి దూరిపోదా అని. దూరిపోదండి. పెద్ద రేణువులు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకి గుద్దుకుంటాయి, బాగా చిన్నవి అటూ ఇటూ వణుకుతూ తిరిగి తిరిగి పోగులకి అంటుకుపోతాయి, ఈ రెండింటికీ మధ్యలో 0.3 దగ్గర్లో ఉన్నవే పట్టుకోవడం కష్టం, అందుకే అన్నిటికంటే కష్టమైన సైజుతో పరీక్ష పెడతారు. దానికి తోడు మాస్క్ మధ్య పొరలో స్టాటిక్ కరెంట్ లాంటి ఛార్జ్ ఉంటుంది, బెలూన్‌ని జుట్టుకి రుద్దితే కాగితం ముక్కల్ని లాగుతుందే, అలా అది రేణువుల్ని లాగేస్తుంది. ఈ ఛార్జింగ్ పద్ధతిని 1990లలో అభివృద్ధి చేసిన పీటర్ త్సాయ్ అప్పట్లో టెనెసీ యూనివర్సిటీలో పనిచేసేవారు, అంటే ఇది కూడా ఒక క్యాంపస్ ల్యాబ్ లోంచి బయటికొచ్చిన విషయమే. ఇది మీ స్టాఫ్‌కి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మాస్క్ మీద శానిటైజర్ కొట్టినా, సబ్బుతో ఉతికినా ఆ ఛార్జ్ పోతుంది, చూడ్డానికి మాస్క్ కొత్తదానిలాగే ఉంటుంది, లోపల మాత్రం సగం పనిచెయ్యదు. నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇదే, అదీ బాగా జాగ్రత్తపరులే చేస్తారు.

మీ ప్రశ్నలో "టీచింగ్ స్టాఫ్‌కి ఎన్95, నాన్ టీచింగ్‌కి సర్జికల్ అనుకుంటున్నాం" అని రాశారు. దయచేసి అలా చెయ్యొద్దు. హోదాని బట్టి కాదు, ఎవరు ఏ గాలి పీలుస్తున్నారు అన్నదాన్ని బట్టి పంచాలి. ఒక పేపర్ తీసుకుని క్యాంపస్ మొత్తం పనులు రాయండి, మనుషుల పేర్లు కాదు, పనులు. హెల్త్ సెంటర్‌లో దగ్గుతో వచ్చిన స్టూడెంట్‌ని చూసే నర్సు, డాక్టర్, రిసెప్షన్‌లో కూర్చునే మనిషి (రిసెప్షన్‌ని అందరూ మర్చిపోతారు, కానీ దగ్గేవాడు ముందు వచ్చి నిలబడేది అక్కడే), వీళ్ళకి ఫిట్ టెస్ట్ చేసిన ఎన్95. టీబీ, తట్టు, ఆటలమ్మ లాంటివి గాలిలో వ్యాపించేవి, వాటికి సర్జికల్ సరిపోదు. అదే సమయంలో వచ్చిన పేషెంట్‌కి మాత్రం సర్జికల్ ఇస్తే చాలు, అతని తుంపర్లని అక్కడే ఆపడమే మనకి కావాల్సింది. యానిమల్ హౌస్‌లో ఎలకల బోనులు శుభ్రం చేసేవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ కంటే అలెర్జీ పెద్ద సమస్య, బోనులో పరిచే పొట్టు మార్చేటప్పుడు లేచే దుమ్ములో ఎలకల మూత్రం ప్రోటీన్లు ఉంటాయి, ఏళ్ళ తరబడి పీలిస్తే ఉబ్బసం దాకా వెళ్తుంది, వాళ్ళకి ఎన్95. వర్క్‌షాప్‌లో చెక్క కోసేవాళ్ళు, లైబ్రరీలో పాత స్టాక్ రూములు దులిపేవాళ్ళు, బూజు పట్టిన రికార్డు గదుల్లో ఫైళ్ళు వెతికేవాళ్ళు, ఎండాకులు ఊడ్చే తోట పనివాళ్ళు, వీళ్ళందరికీ ఆ పని చేసేంతసేపు ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పి2.

అకౌంట్స్ సెక్షన్, అడ్మిషన్స్ కౌంటర్, లెక్చరర్లు, వీళ్ళకి మామూలు రోజుల్లో సర్జికల్ బాక్స్ అందుబాటులో ఉంచితే చాలు. ఫ్లూ లాంటిది గట్టిగా తిరుగుతున్నప్పుడు, లేదా అడవుల కార్చిచ్చు పొగ లాంటిది వచ్చినప్పుడు వీళ్ళకీ ఎన్95 ఇవ్వగలిగేలా స్టాక్ ఉండాలి. పొగకి సర్జికల్ మాస్క్ వేసుకుంటే వేసుకున్నామన్న తృప్తి తప్ప ఏం ఉండదు, పొగలో ఉండేవి సన్నటి రేణువులు, పక్క సందుల్లోంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

ఒక్క చోట మాత్రం చాలా గట్టిగా చెప్తాను, కెమిస్ట్రీ ల్యాబ్. మా దగ్గర ఒక ల్యాబ్ అసిస్టెంట్ సాల్వెంట్లు వేరే డబ్బాల్లోకి వంపేటప్పుడు ఎన్95 వేసుకునేవాడు, వాసన వస్తోంది సార్ కానీ మాస్క్ ఉందిగా అనేవాడు. ఎన్95 రేణువుల్ని ఆపుతుంది, ఆవిర్లని, గ్యాసుల్ని ఆపదు. అక్కడ కావాల్సింది పనిచేసే ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గూడు), అది కుదరని చోట ఆ రసాయనానికి తగిన కార్ట్రిడ్జ్ (ఆవిర్లని పట్టే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్, అంటే ముఖానికి బిగించే మాస్క్. పాత బిల్డింగుల్లో ఆస్బెస్టాస్ కదిలించే రిపేర్లకి కూడా ఎన్95 పనికిరాదు, అది శిక్షణ ఉన్న టీమ్ చెయ్యాల్సిన పని, మీ ప్లంబర్‌ని పంపకండి. గైడ్‌లైన్‌లో ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో ఉండాలి, ఎందుకంటే తప్పు మాస్క్ వేసుకున్న మనిషి ధైర్యంగా ఇంకాసేపు అక్కడే నిలబడతాడు, మాస్క్ లేనివాడైతే ముక్కు మూసుకుని బయటికైనా పరిగెత్తుతాడు.

ఫిట్ టెస్ట్ గురించి. హెల్త్ సెంటర్, యానిమల్ హౌస్, వర్క్‌షాప్ వాళ్ళకి ఇది తప్పనిసరిగా చెయ్యండి, పెద్ద మెషీన్ ఏం అక్కర్లేదు, తల మీద ఒక హుడ్ పెట్టి లోపలికి సాకరిన్ లాంటి తియ్యటిదో బిట్రెక్స్ లాంటి చేదుదో స్ప్రే చేస్తారు, తల అటూ ఇటూ తిప్పమంటారు, వంగమంటారు, గట్టిగా చదవమంటారు, ఆ రుచి నాలుకకి తగిలితే మాస్క్ లీకవుతున్నట్టు. మనిషికి పావుగంట ఇరవై నిమిషాలు. మేం మొదటిసారి చేసినప్పుడు మా నర్సుల్లో సన్న ముఖం ఉన్నవాళ్ళు వరసగా ఫెయిలయ్యారు, అప్పటిదాకా వాళ్ళు అదే మాస్క్ వేసుకుని పేషెంట్లని చూశారు, ఎందుకంటే స్టోర్స్‌లో ఒకటే సైజు కొన్నాం. కాబట్టి కనీసం రెండు మోడళ్ళు, అందులో ఒకటి స్మాల్ సైజు దొరికేది కొనండి. గడ్డం పెంచుకున్నవాళ్ళకి ముఖానికి అతుక్కునే మాస్క్ ఏదీ సీల్ కాదు, రెండ్రోజుల గడ్డం ఉన్నా లీకే. మత విశ్వాసం వల్ల గడ్డం తియ్యలేని వాళ్ళుంటే వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా, ఫ్యాన్‌తో గాలి పంపే వదులు హుడ్ రకం రెస్పిరేటర్ తెప్పించడమో పని మార్చడమో చెయ్యాలి, ఆ మాట కూడా గైడ్‌లైన్‌లోనే రాసేయండి, ఆ మనిషి వచ్చి అడుక్కోవాల్సిన పరిస్థితి రానివ్వొద్దు.

ఫిట్ టెస్ట్ ఏడాదికొకసారి, సీల్ చెక్ మాత్రం వేసుకున్న ప్రతిసారీ. రెండు చేతులతో మాస్క్ మూసి గట్టిగా ఊదాలి, కళ్ళలోకి గాలి వస్తే ముక్కు దగ్గర తీగ సరిగ్గా నొక్కలేదన్నమాట, రెండు చేతుల వేళ్ళతో ఒకేసారి నొక్కాలి, ఒక చేత్తో గిల్లితే మధ్యలో మడత పడి సందు వస్తుంది. సర్జికల్ వాడేవాళ్ళకి చిట్కా, చెవి లూపుల్ని మాస్క్ అంచు దగ్గర ఒక ముడి వేసి పక్కన మిగిలిన మడత లోపలికి తోస్తే చెంపల దగ్గర సందు బాగా తగ్గుతుంది, 2021 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సిడిసి కూడా ఇది పనిచేస్తుందని చూపించింది. వాల్వ్ ఉన్న మాస్కులు దుమ్ము పనికి ఓకే, కానీ వాల్వ్ లోంచి వదిలే గాలి ఫిల్టర్ అవ్వదు, హెల్త్ సెంటర్‌కీ క్లాస్‌రూమ్‌కీ అవి కొనొద్దు.

క్లాస్‌రూమ్ అన్నాను కాబట్టి లెక్చరర్ల సంగతి. మాస్క్ పైస్థాయి శబ్దాల్ని మింగేస్తుంది, స, ష, ఫ లాంటివి వెనక బెంచీకి వినపడవు, దాంతో మాస్టారు గొంతు పెంచుతారు, రోజుకి మూడు క్లాసులంటే వారానికి గొంతు పోతుంది. మాస్క్ వేసుకోమని చెప్పే ముందు ప్రతి పెద్ద క్లాస్‌రూమ్‌లో మైక్ పనిచేస్తుందో లేదో చూడండి, కాలర్ మైక్ ఇవ్వండి. పెదాలు చూసి అర్థం చేసుకునే స్టూడెంట్ గానీ సహోద్యోగి గానీ ఉంటే వాళ్ళతో మాట్లాడేవాళ్ళకి ముందు భాగం పారదర్శకంగా ఉండే మాస్కులు కొన్ని తెప్పించి పెట్టండి. అవి ఆవిరి పట్టి మసకబారతాయి, అయినా వినపడని పిల్లాడికి అదే దిక్కు.

కంపల్సరీ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా. పనిని బట్టి కావాల్సిన చోట, అంటే హెల్త్ సెంటర్, యానిమల్ హౌస్, దుమ్ము పనులు, అక్కడ కంపల్సరీ, మినహాయింపు లేదు. మిగతా క్యాంపస్‌లో మామూలు రోజుల్లో ఎవరిష్టం వాళ్ళది, కానీ వేసుకున్నవాళ్ళని ఎందుకు వేసుకున్నావ్ అని ఎవరూ అడగకూడదు, ఇంట్లో కీమో తీసుకుంటున్న మనిషి ఉండొచ్చు, తనకే ఏదైనా ఉండొచ్చు, అది ఆఫీసుకి చెప్పాల్సిన పని లేదు. అలాగే ఊపిరి సమస్యతో వేసుకోలేని వాళ్ళని గేటు దగ్గర నిలబెట్టి రిపోర్టులు చూపించమని అడగొద్దు, ఆ మాట హెల్త్ సెంటర్‌లో ఒక డాక్టర్‌తో తేలిపోవాలి. జ్వరంతో సెలవు పెట్టి తిరిగొచ్చిన వాళ్ళకి 2024 మార్చిలో సిడిసి ఇచ్చిన సలహా బాగుంది, మందులు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పడితే పనికి రావొచ్చు, ఆ తర్వాత 5 రోజులు మాస్క్ లాంటి జాగ్రత్తలు. అందరికీ కంపల్సరీ అయ్యే రోజు ఎప్పుడొస్తుంది, ఎవరు ప్రకటిస్తారు, ఎప్పుడు ఎత్తేస్తారు అన్నది ముందే రాసి పెట్టండి, లేకపోతే ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక్కో రూలు పెట్టుకుంటుంది, అప్పుడు సెక్యూరిటీ వాళ్ళే మధ్యలో తిట్లు తింటారు.

ఇప్పుడు స్టాక్ లెక్క. సూత్రం చిన్నదే: మనుషులు, షిఫ్ట్‌కి ఎన్ని, నెలకి ఎన్ని రోజులు, ఈ మూడూ గుణించి పైన పావు వంతు కలపండి. ఉదాహరణకి హౌస్‌కీపింగ్ 40 మంది అనుకోండి, చెమటకి మాస్క్ తడిస్తే మార్చాలి కాబట్టి షిఫ్ట్‌కి 2, నెలకి 25 రోజులు, అంటే 2000, పావు కలిపితే 2500, బాక్సుకి 50 చొప్పున 50 బాక్సులు. ఎన్95 అయితే కొరత టైమ్‌లో సిడిసి ఒక్కో మాస్క్‌ని 5 సార్ల కంటే ఎక్కువ వేసుకోవద్దంది, దుమ్ము పని కాని చోట దాన్నే లెక్కగా పెట్టుకోండి, 20 మంది 20 రోజులు వాడితే 400 సార్లు, అంటే 80 మాస్కులు, పావు కలిపితే 100. మధ్యలో పేపర్ కవర్‌లో పేరు రాసి పెట్టుకోవాలి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే తేమ ఆరదు. దుమ్ము పనికి, హెల్త్ సెంటర్‌కి ఈ లెక్క వద్దు, అక్కడ తడిసినా, మురికైనా, ఊపిరి బరువైనా వెంటనే కొత్తది. కాంట్రాక్ట్ వాళ్ళకి ఏజెన్సీ ఇస్తుందిలే అని వదిలేయకండి, ఏజెన్సీ ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే ఆ రోజు మీ బాక్స్ లోంచి తీసుకోవచ్చు అని రాతపూర్వకంగా ఉండాలి.

పెట్టాల్సిన చోట్లు: మెయిన్ గేట్ సెక్యూరిటీ క్యాబిన్, ప్రతి బిల్డింగ్ ఎంట్రన్స్, హౌస్‌కీపింగ్ వాళ్ళు బట్టలు మార్చుకునే గది, డ్రైవర్లు తాళాలు తీసుకునే చోట, హాస్టల్ నైట్ వాచ్‌మన్ టేబుల్, హెల్త్ సెంటర్. సర్జికల్ మాస్కులకి సంతకం పెట్టించొద్దు, సంతకం అడిగితే సగం మంది తీసుకోరు, పోతే నాలుగు పోతాయి అంతే. ఎన్95 కి మాత్రం పేరు, మోడల్, సైజు రాసుకోవాలి, దొంగతనం భయం వల్ల కాదు, ఫిట్ టెస్ట్ పాసైన మోడలే ఆ మనిషికి వెళ్ళాలి కాబట్టి. ప్రతి చోటా చివరి బాక్స్ మీద ఒక కార్డు అంటించండి, "ఇది తెరిచినవాళ్ళు ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అని, మాకు స్టాక్ అయిపోవడం ఆగింది ఈ ఒక్క కార్డుతోనే, ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు.

2023 మే 5న డబ్ల్యూహెచ్‌ఓ కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని ప్రకటించాక మాలాంటి చోట్ల మాస్కుల అట్టపెట్టెలు మెట్ల కింద గదిలోకి వెళ్ళిపోయాయి. తర్వాత ఒకసారి పాత రికార్డు గది ఖాళీ చేసే పనికి వాటిని తీస్తే స్ట్రాపులు లాగగానే పుటుక్కున తెగాయి, వేడికి, తేమకి ఎలాస్టిక్ చచ్చిపోయింది. పొడి గదిలో, ఎండ తగలకుండా పెట్టండి, ముందు వచ్చింది ముందు వాడండి, బాక్స్ మీద ఎక్స్‌పైరీ డేట్ రిజిస్టర్‌లో ఎక్కించండి.

కొనేటప్పుడు నకిలీలు ఉంటాయి, జాగ్రత్త. నయోష్ (ఎన్95లని పరీక్షించి ఆమోదించే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న ఎన్95 మీదే టిసి-84ఎ తో మొదలయ్యే నంబర్ అచ్చై ఉంటుంది, దాన్ని నయోష్ లిస్టులో సరిచూసుకోవచ్చు. తలకి పట్టే స్ట్రాపులు కాకుండా చెవి లూపులు ఉండి ఎన్95 అని రాస్తే అనుమానించండి, పిల్లల సైజు ఎన్95 అన్నా అంతే. ఎఫ్‌ఎఫ్‌పి2 అయితే యూరప్ ప్రమాణాలకి తగ్గట్టుందని చెప్పే సిఇ మార్కు పక్కన నాలుగంకెల నంబర్ ఉండాలి. ఆర్డర్ పెట్టేముందు శాంపిల్ తెప్పించి పది మంది ముఖాల మీద పెట్టి చూడండి, టెండర్‌లో తక్కువ రేటు చూసి కొన్న మాస్క్ ఎవరి ముక్కు మీదా కూర్చోకపోతే ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టే.

వాడేసినవి మామూలుగా మూత ఉన్న చెత్త డబ్బాలోకే, హెల్త్ సెంటర్‌వి మాత్రం బయోమెడికల్ వేస్ట్‌లోకి, ఆ రెండూ కలవకుండా హౌస్‌కీపింగ్ వాళ్ళకి ఒకసారి చేసి చూపించండి.

మీరు పనుల లిస్ట్ రాశాక ఒక్కో పనికి ఎంతమంది, షిఫ్టులు ఎప్పుడు మొదలవుతాయి అన్నవి పెట్టండి, లెక్క నేను వేసి ఇస్తాను. షిఫ్ట్ టైమ్ రాయడం మాత్రం మర్చిపోవద్దు, బాక్సులు ఎక్కడ పెట్టాలన్నది దాన్ని బట్టే చెప్పగలను.